అంకె ఇచ్చిన మాట

‘పది ఆహారాలు’, ‘ఏడు సూత్రాలు’, ‘ఐదు పొరపాట్లు’ అంటూ అంకెతో మొదలయ్యే రచనలు కంటబడని రోజు ఇప్పుడు లేదు. సరుకునో సేవనో అమ్మదలచిన ప్రతి సంస్థా ఇటువంటి జాబితా ఒకటి రాయించి, దానిని పదిమంది ముందుకు చేర్చే మార్గాలు వెదుకుతున్నది. ఈ రచనారీతి అంతర్జాలంతోనే పుట్టిందని చాలామంది నమ్మకం. 1928లో వెలువడిన ‘ది ఫస్ట్ హండ్రెడ్ మిలియన్’ అనే పుస్తకం చదివినవారికి ఆ నమ్మకం నిలవదు. పాఠకుడి చూపు ఏ మాట దగ్గర ఆగుతుంది, ఏ మాటను దాటిపోతుంది, ఏ శీర్షిక చూసి అతడు జేబులో చేయి పెడతాడు అనే ప్రశ్నలకు దాదాపు నూరేళ్ల కిందటే అమ్మకాల లెక్కలతో సహా సమాధానం చెప్పిన పుస్తకమది. దానిని ఆధారం చేసుకొని, అమ్మకానికి సాధనంగా మారిన జాబితా చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథకర్త ఇమాన్యుయెల్ హాల్డెమన్-జూలియస్ 1889లో ఫిలడెల్ఫియాలో జన్మించాడు. రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. తండ్రిది పుస్తకాలకు అట్టలు కట్టే వృత్తి. కొడుకు పత్రికా రచయితగా ఎదిగి, కాన్సస్ రాష్ట్రంలో జిరార్డ్ అనే చిన్న పట్టణం నుంచి వెలువడే ‘అప్పీల్ టు రీజన్’ అనే సోషలిస్టు పత్రికలో చేరాడు. అక్కడి బ్యాంకు యజమానుల కుటుంబానికి చెందిన మార్సెట్ హాల్డెమన్‌ను 1916లో వివాహమాడాడు. ఇద్దరూ తమ ఇంటిపేర్లను కలుపుకొన్నారు. భార్య ఆర్థిక సహాయంతో 1919లో ఆ పత్రికను, దాని అచ్చుయంత్రాలను సొంతం చేసుకొన్నాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలు, ఆస్కార్ వైల్డ్ చెరసాల కావ్యం మొట్టమొదట అచ్చువేసిన రెండు చిన్న పుస్తకాలు. ‘లిటిల్ బ్లూ బుక్స్’ అనే పేరుతో ప్రసిద్ధమైన గ్రంథమాలకు అవే నాంది. మూడున్నర అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల పొడవు. చొక్కా జేబులో పట్టే పరిమాణం. మొదట 25 సెంట్లున్న వెల క్రమంగా 5 సెంట్లకు దిగింది. 1951లో ఆయన మరణించేనాటికి ఈ పుస్తకాలు దాదాపు 30 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయని అంచనా. షేక్‌స్పియర్, ప్లేటో, వోల్టేర్, మొపాసా, షోపెన్‌హోవర్ రచనలు పొలాల్లో, గనుల్లో, కర్మాగారాల్లో పనిచేసేవారి చేతికి ఈ రూపంలోనే చేరాయి.

ఇన్ని పుస్తకాలకు పాఠకులను ఆయన ఎలా సంపాదించాడన్నది మనకు ప్రస్తుతం. దుకాణాలను ఆయన ప్రధానంగా నమ్ముకోలేదు. పత్రికల్లో ఒక పూర్తి పుటను కొనేవాడు. ఆ పుటలో బొమ్మలకు గాని, పండితుల ప్రశంసలకు గాని పెద్దగా చోటుండదు. సన్నని అక్షరాలతో వందలాది పుస్తకాల పేర్లు, విషయవారీగా విభజించి, ఒక్కొక్క పేరు పక్కన ఒక్కొక్క సంఖ్యతో, పుట నిండా ఉంటాయి. పాఠకుడు తనకు కావలసిన సంఖ్యలు వరుసగా రాసి, కనీసం ఇరవై పుస్తకాలకు ఒక డాలరు జతచేసి పంపితే చాలు. పుస్తకాలు ఇంటికి వస్తాయి. ప్రకటన కోసం జాబితా తయారు చేయడం కాదిది; జాబితాయే ప్రకటన. ఏ పత్రికలో వేసిన ప్రకటనకు ఎన్ని ఉత్తరాలు వచ్చాయో గుర్తుపట్టడానికి చిరునామాలో సంకేతాలు పెట్టి, ఖర్చుకూ రాబడికీ మధ్య లెక్క తేల్చేవాడు. నేటి ప్రచార సంస్థలు యంత్రాలతో చేస్తున్న గణన ఆనాడు జిరార్డ్‌లో తపాలా సంచుల సాక్షిగా జరిగింది.

ఈ పద్ధతిలో మరొక విశేషం ఉంది. పుస్తకాలన్నింటికీ ఒకే వెల, ఒకే పరిమాణం. ముఖచిత్రం పాఠకుడికి కనబడదు. పుట తిప్పి చూసే అవకాశం లేదు. ఒక పుస్తకానికీ మరొక పుస్తకానికీ మధ్య తేడా చూపేది జాబితాలోని ఒకే ఒక్క పంక్తి, అంటే శీర్షిక. తక్కిన అంశాలన్నీ సమానంగా ఉంచి ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి ఫలితం చూడటం శాస్త్ర పరీక్షలో ప్రాథమిక నియమం. హాల్డెమన్-జూలియస్ తన వ్యాపారాన్ని, బహుశా మొదట ఉద్దేశించకుండానే, అటువంటి ప్రయోగశాలగా మార్చుకొన్నాడు.

ఏటా పదివేల ప్రతులైనా అమ్ముడుపోని పుస్తకాన్ని ఆయన ఒక ప్రత్యేక విభాగానికి పంపేవాడు. ఆ విభాగానికి ఆయన పెట్టుకొన్న పేరు ‘ఆసుపత్రి’. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఈ అధ్యాయం ప్రత్యేకంగా రుచిస్తుంది. అక్కడ పుస్తకాన్ని పరీక్షించి, లోపం విషయంలో ఉందా, పేరులో ఉందా అని నిర్ణయిస్తారు. ఎక్కువ సందర్భాల్లో రోగం పేరుదే. చికిత్స కూడా పేరు మార్పే. నయం కాని పుస్తకం జాబితాలోనుంచి శాశ్వతంగా తొలగిపోతుంది.

ఆ చికిత్సల ఫలితాలను ఆయన దాపరికం లేకుండా అచ్చువేశాడు. థియోఫిల్ గోటియే రాసిన కథ ‘ఫ్లీస్ ఆఫ్ గోల్డ్’, అంటే బంగారు ఉన్ని, 1925లో 6,000 ప్రతులు అమ్ముడయింది. మరుసటి ఏడు అదే కథకు ‘ద క్వెస్ట్ ఫర్ ఎ బ్లాండ్ మిస్ట్రెస్’, అంటే ‘పసిడికురుల ప్రియురాలి కోసం అన్వేషణ’ అని పేరు మార్చితే 50,000 ప్రతులు పోయాయి. మొపాసా ప్రసిద్ధ కథ ‘ద టాలో బాల్’, కొవ్వుముద్ద అని అర్థం, 15,000 ప్రతుల దగ్గర ఆగిపోగా, ‘ఒక ఫ్రెంచి వేశ్య త్యాగం’ అనే అర్థం వచ్చే పేరుతో 54,700కు చేరింది. షోపెన్‌హోవర్ ‘ఆర్ట్ ఆఫ్ కాంట్రవర్సీ’ పేరుతో కదలక మెదలక పడివున్నది. ‘హౌ టు ఆర్గ్యూ లాజికల్లీ’, అంటే ‘తర్కబద్ధంగా వాదించడం ఎలా’ అన్న వెంటనే 30,000 మంది దానిని కోరుకొన్నారు. పేటెంటు మందుల పేరిట సాగే మోసాలపై వైద్యుడొకరు రాసిన పుస్తకానికి ‘నిజం’ అనే మాట తగిలించగానే అమ్మకం మూడింతలకు పైగా పెరిగింది. ‘ఎలా’, ‘నిజం’, ‘కథ’, ‘మీరు తెలుసుకోవలసిన సంగతులు’, ‘ప్రేమ’, ‘జీవితం’ వంటి మాటలకు పాఠకుణ్ణి ఆపే శక్తి ఉన్నదని ఆయన తేల్చాడు. నేడు మార్కెటింగ్ శిక్షణల్లో శీర్షికల గురించి చెప్పే పాఠాల్లో సగం ఈ జాబితాలో ఉన్నవే.

ఇక్కడ పాఠకుడికి ఒక సందేహం కలగక మానదు. ఇది విద్యాదానమా, వంచనా? ఉత్తమ సాహిత్యాన్ని చౌకబారు పేర్లతో అమ్మడం ఆ సాహిత్యాన్ని అవమానించడమేనని ఆనాడూ విమర్శ ఉన్నది. అయితే ఈ ప్రశ్నకు పేరు సభ్యంగా ఉందా లేదా అన్న అభిరుచి మీద ఆధారపడి సమాధానం చెప్పలేము. పేరు పక్కన పుస్తకాన్ని పెట్టి చదివి చూడాలి.

అలా చూస్తే ఆశ్చర్యకరమైన సంగతి తేలుతుంది. గోటియే కథలో నాయకుడైన యువ చిత్రకారుడు రూబెన్స్ చిత్రాల్లోని పసిడికురుల స్త్రీ వంటి ప్రియురాలిని వెదుకుతూ ఆంట్‌వెర్ప్ నగరానికి వెళతాడు. అక్కడ చిత్రపటంలోని స్త్రీపైనే మనసు పడతాడు. కనుక పసిడికురుల ప్రియురాలి కోసం అన్వేషణ అన్న పేరు ఎంత నాటుగా వినిపించినా కథకు అతికినట్టు సరిపోతుంది. మొపాసా కథలో జరిగేది నిజంగానే ఒక వేశ్య చేసిన త్యాగం, ఆ త్యాగఫలం అనుభవించిన పెద్దమనుషుల కృతఘ్నత. ఈ రెండు పేర్లూ పాఠకుణ్ణి మోసగించలేదు. షోపెన్‌హోవర్ పుస్తకం సంగతి వేరు. సత్యం తన వైపు ఉన్నా లేకున్నా వాదంలో ఎదుటివాణ్ణి ఓడించడానికి వాడే 38 ఎత్తుల పట్టిక అది. వ్యంగ్యం పాలు ఎక్కువ. దానికి ‘తర్కబద్ధంగా వాదించడం ఎలా’ అన్న పేరు ఎంతో మర్యాదగా, ఉపయోగకరంగా ధ్వనిస్తుంది. కాని పుస్తకం చెప్పేది తర్కాన్ని తప్పించుకొనే విద్య. నాటుగా కనిపించిన పేర్లు మాట నిలుపుకొన్నాయి. పెద్దమనిషి తరహా పేరు మాట తప్పింది. హాల్డెమన్-జూలియస్ ఈ తేడాను గమనించినట్టు కనబడదు. ఆయన ఆసుపత్రిలో రోగి కోలుకొన్నాడనడానికి అమ్మకం ఒక్కటే కొలమానం. ఆయన పద్ధతిలోని బలమూ అదే, లోపమూ అదే.

ఆయన పక్షాన చెప్పవలసిన మాట ఒకటుంది. పేరు ఏదైనా, లోపల గోటియే గోటియేగానే ఉన్నాడు. మొపాసా మొపాసాగానే ఉన్నాడు. జాబితా వెనుక సరుకున్నది. 1922లో న్యూయార్క్‌లో విల్ డ్యురాంట్ ప్లేటోపై ఉపన్యసించనున్నాడన్న ప్రకటన కంటబడి, ఆ ఉపన్యాసం విని, దానిని చిన్న పుస్తకంగా రాసి ఇమ్మని కోరినవాడు హాల్డెమన్-జూలియస్. అలా మొదలైన చిన్న పుస్తకాల వరుసే 1926లో ‘ది స్టోరీ ఆఫ్ ఫిలాసఫీ’ అనే మహాగ్రంథంగా రూపొందింది. అమ్మకం కోసం పెంచిన జాబితా ఒక మంచి పుస్తకం పుట్టడానికి దారితీసిన సందర్భమిది.

హాల్డెమన్-జూలియస్ జాబితాలు అమ్మింది పుస్తకాలనే. పుస్తకాలతో సంబంధం లేని సరుకును అమ్మడానికి జాబితాను వాడుకొన్న ఘట్టం తరువాతది. 1950లో డేవిడ్ ఓగిల్వీ అనే బ్రిటిష్ యువకుడు న్యూయార్క్‌లో తన ప్రకటనల సంస్థ తరఫున గిన్నెస్ మద్యానికి ఒక ప్రకటన రాశాడు. ‘గిన్నెస్ గైడ్ టు ఆయిస్టర్స్’ అనే ఆ ప్రకటనలో తొమ్మిది రకాల ఆయిస్టర్ల బొమ్మలు, ఒక్కొక్క దానికి రెండు మూడు వాక్యాల వివరణ ఉన్నాయి. ఏ తీరంలో దొరికేది ఏది, దేని రుచి ఎటువంటిది అన్నదే విషయమంతా. మద్యం ప్రస్తావన చివరన, అతిథిలా వస్తుంది. సరుకును పొగడకుండా, సరుకు కొనేవారికి పనికివచ్చే సంగతిని పట్టికగా ఇచ్చి, ఆ కృతజ్ఞత మీద సరుకును నిలబెట్టడం ఈ పద్ధతి సారాంశం. నేడు సంస్థలు తమ పేర రాయించే జాబితా వ్యాసాలకు ఇది నిజమైన పూర్వరూపం.

మరుసటి ఏడు, 1951 నవంబరులో, అదే గిన్నెస్ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ సర్ హ్యూ బీవర్ ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ ప్రాంతంలో వేటకు వెళ్లాడు. యూరప్‌లో అన్నింటికన్నా వేగంగా ఎగిరే వేటపక్షి ఏదన్న వాదం వచ్చింది. ఏ పుస్తకంలోనూ సమాధానం దొరకలేదు. మద్యశాలల్లో రోజూ ఇటువంటి పందేలు జరుగుతుంటాయి కదా, వాటిని తీర్చే పుస్తకం ఒకటి సంస్థ తరఫున పంచితే ఎలా ఉంటుందని బీవర్ ఆలోచించాడు. ఆ పనికి లండన్‌లో పత్రికలకు వాస్తవ సమాచారం సేకరించి ఇచ్చే కవల సోదరులు నారిస్, రాస్ మెక్‌విర్టర్‌లు కుదిరారు. వారి పేరు చెప్పినవాడు గిన్నెస్ ఉద్యోగి, పరుగు పందెగాడు క్రిస్ చాటవే. 1954 మేలో ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బ్యానిస్టర్ నాలుగు నిమిషాల లోపు మైలు పరుగెత్తినప్పుడు అతడికి ఊతంగా పరుగెత్తినవాడు ఈ చాటవేనే. ఫలితాన్ని ప్రకటించినవాడు నారిస్ మెక్‌విర్టర్. ఆనాటి వైద్యవిద్యార్థి బ్యానిస్టర్ తరువాత పేరుపొందిన నాడీవైద్యుడయ్యాడు.

1954లో వెయ్యి ప్రతులు అచ్చువేసి ఉచితంగా పంచారు. 1955 ఆగస్టులో అమ్మకపు ప్రతి వెలువడింది. ఆ ఏడు క్రిస్మస్ నాటికి బ్రిటన్‌లో అన్నింటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యే పుస్తకమయింది. ప్రచారానికి పుట్టిన జాబితా తానే సరుకుగా మారింది. ఈ విజయానికి కారణం పాఠకుడికి జాబితాలంటే ఉన్న మోజు ఒక్కటే కాదు. ఒక్కొక్క అంశాన్నీ నిపుణులకు ఉత్తరాలు రాసి నిర్ధారించుకొన్న సోదరుల పట్టుదల దాని వెనుక ఉంది. పందెం తీర్చవలసిన పుస్తకంలో తప్పు దొర్లితే సంస్థ పరువు మద్యశాలలోనే పోతుంది. ఉచితంగా పంచే ప్రచార పుస్తకానికి అంతటి నిష్ఠ అవసరమని గ్రహించడం బీవర్ దూరదృష్టి.

1972లో ఓగిల్వీ సంస్థ తన ప్రచారానికే ఒక జాబితాను వాడుకొన్నది. ‘అమ్మకం సాధించే ప్రకటనను తయారు చేయడం ఎలా’ అనే అర్థం వచ్చే శీర్షికతో వెలువడిన ఆ పూర్తిపుట ప్రకటనలో తాము నేర్చుకొన్న 38 పాఠాలను అంకెలు వేసి ఇచ్చారు. షోపెన్‌హోవర్ ఎత్తులూ 38 కావడం కాకతాళీయం. వృత్తిరహస్యాలను పోటీదారులకు సైతం ధారపోస్తున్నట్టు కనిపించే ఈ ప్రకటన కొత్త ఖాతాదారులను తెచ్చిపెట్టడానికి ఉద్దేశించినదే. వందకోట్ల డాలర్లకు పైబడిన ప్రకటనలు తయారు చేసి, వాటి ఫలితాలను వెంబడించడానికి లక్షల డాలర్లు వెచ్చించిన తరువాత ఈ పాఠాలు తెలిశాయని ప్రారంభంలోనే చెప్పారు. పని ముందు జరిగింది. జాబితా ఆ పని ఫలితం.

ఈ మూడు ఉదంతాల్లోనూ ఉమ్మడిగా కనబడే క్రమం ఇదే. పుస్తకాలు ముందు, శీర్షిక తరువాత. వాస్తవ సేకరణ ముందు, పుస్తకం పంపిణీ తరువాత. అనుభవం ముందు, అంకె తరువాత. అంతర్జాల యుగంలో వచ్చిన అసలు మార్పు ఈ క్రమం తలకిందులు కావడం.

2004 ప్రాంతంలో పాఠకుల ఓట్ల మీద వార్తలను పైకి తెచ్చే డిగ్ వంటి వేదికలు వచ్చాయి. ఒక పుటకు ఎందరు తమ పుటల నుంచి దారి చూపుతున్నారన్న లెక్కను గూగుల్ అప్పటికే విలువకు కొలమానంగా వాడుతున్నది. ఈ రెండింటినీ ఆకర్షించడానికి అంకె శీర్షికంత సులభమైన ఎర లేదని ప్రచార నిపుణులు త్వరలోనే గ్రహించారు. ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది డిమాండ్ మీడియా అనే అమెరికన్ సంస్థలో. ప్రజలు వెదుకుతున్న మాటలను, వాటి మీద వచ్చే ప్రకటనల రాబడిని యంత్రం లెక్కగట్టి శీర్షికలు తయారు చేసేది. ఆ తరువాత ఒక్కొక్క వ్యాసానికి పదిహేను డాలర్ల వంటి స్వల్ప ప్రతిఫలంతో రచయితలు శీర్షిక కింద పంక్తులు నింపేవారు. 2009లో రోజుకు 4,000 వ్యాసాలు, వీడియోలు ఈ విధంగా వెలువడ్డాయి. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన వెదుకులాట పద్ధతిని మార్చి ఇటువంటి పుటలను కిందికి నెట్టింది. 2014లో ఫేస్‌బుక్ కూడా ఎర శీర్షికలను తగ్గిస్తామని ప్రకటించింది. సంస్థలు మారాయి గాని తలకిందులైన క్రమం ఇంకా సరికాలేదు.

ఈ చరిత్ర వైద్యులకు ఎందుకు పట్టాలి? ఇవాళ ‘మధుమేహాన్ని మాయం చేసే పది ఆహారాలు’ వంటి జాబితా చదివి, వాడుతున్న మందు మానివేసే రోగులు ఉన్నారు కనుక. పదిలో నాలుగు నిజమైన సలహాలు, మూడు నిరపాయకరమైనవి, రెండు నిరాధారమైనవి, ఒకటి ప్రమాదకరమైనది కావచ్చు. అన్నింటికీ ఒకే పరిమాణపు అక్షరాలు, ఒకే ధీమా. అంకె వేయగానే అంశాలన్నీ సమానమైనట్టు, పదకొండవది లేనట్టు భ్రమ కలుగుతుంది. ఏడు చాలకపోతే పది చేయడానికి మరి మూడు ఎక్కడి నుంచి వచ్చాయని పాఠకుడు అడగడు.

వైద్యంలోనూ జాబితాలున్నాయి. అతుల్ గవాండే 2009లో ప్రచురించిన ‘ద చెక్‌లిస్ట్ మేనిఫెస్టో’ వాటి గురించినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్సా పట్టికను ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ప్రవేశపెట్టినప్పుడు మరణాల రేటు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గింది. అది ఎవరినీ ఆకర్షించడానికి రాసిన పట్టిక కాదు. పంతొమ్మిది అనే అంకెలో సొగసు లేదు. తీసివేయగలిగినవన్నీ తీసివేసిన తరువాత మిగిలిన సంఖ్య అది. జాబితా అనే రూపం ఒక చోట ప్రాణం నిలబెడుతున్నది, మరొక చోట ప్రాణం మీదికి తెస్తున్నది. తేడా రూపంలో లేదు. అంకె ఎలా పుట్టిందన్న దానిలో ఉంది.

తెలుగు సాహిత్యానికి ఈ సూక్ష్మం కొత్త కాదు. శతక లక్షణాల్లో సంఖ్యా నియమం ఒకటి. నూరనో నూట ఎనిమిదనో పేరులోనే ఒప్పుకొన్న కవి ఆ లెక్క పూర్తిచేయాలి. లెక్క కోసం అతికించిన పద్యాన్ని రసికుడు ఇట్టే పట్టేస్తాడు. అంకె అంటే పాఠకుడికి ఇచ్చిన మాట అన్న స్పృహ ఆ నియమంలో ఉంది. ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అనే సామెత మాట తప్పినవారి కోసమే పుట్టింది.

వ్యాపారం కోసం జాబితాలు రాసేవారిని తప్పుపట్టడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. పాఠకుణ్ణి పిలవడం తెలియని మంచి పుస్తకం అలమరలోనే చనిపోతుందని హాల్డెమన్-జూలియస్ నిరూపించాడు. ఆరోగ్య విషయాలు రాసే వైద్యులు ఆయన దగ్గర నేర్చుకోవలసినది చాలా ఉంది. ఆకర్షణీయమైన శీర్షికలన్నీ మందులు అమ్మేవారి చేతుల్లో ఉండి, నీరసమైన శీర్షికలన్నీ వైద్యుల చేతుల్లో ఉంటే నష్టపోయేది రోగి. ‘ది ఫస్ట్ హండ్రెడ్ మిలియన్’ను ఆ దృష్టితో చదవాలి. వ్యాపార గ్రంథాల్లో అరుదుగా కనిపించే నిష్కాపట్యం, తన ఓటములను కూడా అంకెలతో ఒప్పుకొనే ధైర్యం దానిలో ఉన్నాయి. అందులో లేనిది ఒక్కటే: పుస్తకం కొన్న పాఠకుడు చివరి పుట మూసిన తరువాత శీర్షికను మరొకసారి చూసుకొని ఏమనుకొన్నాడన్న లెక్క. ఆ లెక్క ఏ తపాలా సంచిలోనూ రాదు. జాబితా రాసేవారు దానిని తమంతట తామే వేసుకోవాలి.